రెండు బీట్ల ఖాళీ

పోయిన వారం మన చెల్లెమ్మని పరుపుల షాపు మూడో అంతస్తులో, కీబోర్డు మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి బిగబట్టుకున్న మనిషిని ఉన్నపళంగా వదిలేసి వచ్చాం. వారం రోజులు ఊపిరి బిగబట్టడం ఎవరి తరం? పదండి, ముందు ఆవిడ్ని ఊపిరి పీల్చుకోనిద్దాం. తర్వాత ఎలాగూ మళ్ళీ బిగబట్టక తప్పదు.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు ఈలోపు టీ పెట్టుకోండి.

చెల్లెమ్మ పని పళ్ళ సెట్లు చేయడం. వారమంతా ఒక చిన్న ల్యాబులో ఎవరెవరి నోళ్ళకో పళ్ళు అరగదీస్తుంది. శనివారం సాయంత్రం మాత్రం కీబోర్డు ముందు కూర్చుంటుంది. నలుగురు స్నేహితుల బ్యాండు అది. సొంత పాట ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ఎవరో పాడి పేరు తెచ్చుకున్నవే. వీళ్ళు వాయిస్తే ఆ పేరు పోతుందని వీళ్ళ మీద వీళ్ళే జోకులేసుకుంటారు. లీడ్ గిటారు ఆమె సొంత అన్నయ్యది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన చెల్లెలు కాబట్టి ఈమె అందరికీ చెల్లెమ్మ అయింది. బేస్ గిటారు షావుకారుది, పరుపుల షాపూ ఆయనదే. డ్రమ్ముల ముందు కూర్చునేది మాస్టారు. బడిలో లెక్కలు చెప్పే పెద్దమనిషి, కర్రలు చేతికొస్తే నాలుగు తర్వాత అయిదో మూడో తేల్చుకోలేడు.

వాయించేది షాపు పైన, పరుపులు దాచే గదిలో. నాలుగు గోడలకీ పరుపులు కప్పు దాకా పేర్చి ఉంటాయి. లోపల ఎంత మోగినా బయటికి చీమ చిటుక్కుమన్నంత కూడా వినపడదు. బయట పిడుగు పడ్డా లోపలికి తెలీదు.

పోయినేడు వానలు మొదలవడానికి ముందు ఒక శనివారం, అన్నయ్య గిటారు సంచిలో పెట్టుకుంటూ, "వచ్చే వారం మీకో మాట చెప్పాలి. విన్నాక నేనేం చెయ్యాలో మీరే చెప్పండి" అన్నాడు. ఆ మాట విన్నది ముగ్గురే. ఆ సాయంత్రం ఆయన ఇంటికి చేరలేదు. స్కూటరు వంతెన పక్కన పడి ఉంటే మర్నాడు ఎవరో చూశారు. మనిషి దొరకలేదు. ఏటిలో వెతికినవాళ్ళు వెతికారు, ఓదార్చినవాళ్ళు ఓదార్చారు, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు.

పడనిది వదిన ఒక్కతే. ఇన్నాళ్ళూ ఆరేళ్ళ పాపకి నాన్న ఊరెళ్ళాడనే చెబుతూ వచ్చింది. ఈ శనివారం పొద్దున చెల్లెమ్మతో, "ఇంక నా వల్ల కాదమ్మా. రేపు ఇల్లు ఖాళీ చేసి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. అక్కడికి వెళ్ళాక పాపకి ఉన్నమాట చెప్పేస్తాను" అంది. చెల్లెమ్మ వద్దనలేకపోయింది. ఏం పట్టుకుని వద్దంటుంది చెప్పండి?

ఇక పోయిన వారం కథలో జరిగింది. గిటారు లేకుండా ఎన్నాళ్ళు గడుస్తుందని, వాయిద్యాలమ్మే దుకాణం గోడకి మాస్టారు ఒక కాగితం అంటించాడు. 'గిటారిస్టు కావలెను. జీతం లేదు. టీ ఉంటుంది.' దాన్ని చూసి ఒకడి తర్వాత ఒకడు ఇద్దరొచ్చారు. ఇద్దరూ రైలు పాట దగ్గర బోల్తా పడ్డారు. రైలు పాటంటే మనవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు, ఒకప్పటి హిట్టు. అందులో రెండో చరణం అయిపోగానే గిటారు గొంతు పెంచుకుని విరుచుకుపడాలి. మన బ్యాండులో మాత్రం అక్కడ రెండు బీట్లు అందరూ నోరు మూసుకుంటారు. ఎందుకంటారా? గిటారు గొంతు పెంచడానికి అన్నయ్య దగ్గరున్న పాత పెడల్‌ని కాలితో ఒకసారి తొక్కితే పలికేది కాదు. రెండోసారి తొక్కాలి. ఆయన తొక్కి తొక్కి అది పలికేదాకా మిగతావాళ్ళు ఆగేవాళ్ళు. ఆగీ ఆగీ అదే అలవాటైంది. ఇప్పుడు ఆ పెడల్ లేదు, ఆ కాలూ లేదు, ఆగడం మాత్రం పోలేదు. బయటివాడు ఎవడైనా ఆ రెండు బీట్లలోకి పరిగెత్తుకొచ్చి పడాల్సిందే. ఇద్దరూ పడ్డారు, మాస్టారు కర్రలు ఎగరేసి నవ్వాడు.

మూడోవాడు ఒక నలభై ఏళ్ళ మనిషి. ఎత్తైన భవనాలకి అద్దాలు బిగించే పని అన్నాడు. చేతుల నిండా సన్నటి గాట్లు, కొత్త గిటారు, మెరిసిపోతున్న కొత్త పెడల్. రైలు పాట మొదలైంది. రెండో చరణం అయింది.

అద్దాలాయన ఆగాడు.

మాస్టారు గమనించలేదు. పడితే కదా గమనించడానికి! పాట నున్నగా సాగిపోయింది. చెల్లెమ్మ ఒక్కతే గమనించింది. పళ్ళ పనిలో ఆవిడకి ఒకటి బాగా అలవాటు. కింది పళ్ళ అచ్చు మీద పై పళ్ళు ఇట్టే కూర్చున్నాయంటే, అవి ఆ నోటివే అయి ఉండాలి.

ఇదీ సంగతి. ఇక అందరం మూడో అంతస్తులోకి వచ్చేశాం కాబట్టి కథ నడిపిద్దాం.

పాట అయిపోయింది. షావుకారు బేస్ గిటారుని ఒళ్ళో పెట్టుకుని, "భేష్!" అన్నాడు. "ఇన్నాళ్ళకి మన గదిలో గిటారు మోగింది."

"ఇంకోసారి వాయిద్దాం" అంది చెల్లెమ్మ.

"అదే పాటా?"

"అదే."

మాస్టారు కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టాడు. నాలుగంటే నాలుగే, ఆయనకి ఎప్పుడైనా అలా కలిసొస్తుంది. చెల్లెమ్మ వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. కళ్ళు మాత్రం కొత్తగా వచ్చిన మనిషి పాదం మీదే. రెండో చరణం చివరి మాట అయింది. ఈసారి ఆమె ఆగలేదు. అసలు పాటలో ఎలా ఉందో అలా, సరిగ్గా మొదటి బీటు మీద రెండు చేతులా మోగించింది.

ఆ మోత ఒంటరిగా గది మధ్యలో పడింది. షావుకారు వేళ్ళు తీగల మీద ఆగి ఉన్నాయి. మాస్టారి కర్రలు గాల్లో ఉన్నాయి. అద్దాలాయన పాదం పెడల్ మీద, తొక్కకుండా, ఎదురుచూస్తూ ఉంది.

"అయ్యయ్యో!" అన్నాడు మాస్టారు. "చెల్లెమ్మా, నువ్వే తప్పితే ఎలా తల్లీ?"

"నేను తప్పలేదు మాస్టారూ. పాట ఎలా ఉందో అలా వాయించాను. ఏళ్ళ తరబడి తప్పుతున్నది మనం." ఆమె అద్దాలాయన వైపు తిరిగింది. "మా తప్పు మాకు అలవాటు. మరి మీరెందుకు ఆగారండీ?"

అద్దాలాయన తల వంచుకుని గిటారు మీద లేని దుమ్ము తుడిచాడు. "పాటలో అలాగే ఉందనుకున్నాను."

"పాటలో లేదు."

"లేదా?" అన్నాడు మాస్టారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. మొహంలో రంగు మెల్లగా మారింది. "అవును సుమా, లేదు. అది మనవాడి పెడల్ వల్ల కదూ వచ్చింది? మరి ఈయనకి..."

షావుకారు పకపకా నవ్వాడు. అలాంటి నవ్వు విన్నవాళ్ళెవరికైనా నవ్వొస్తుంది. పరుపు కొనడానికి వచ్చినవాడు మంచం కూడా కొనుక్కుని పోయేది ఆ నవ్వు చూసే. "భలేవారే మీరిద్దరూ! చెవి ఉన్న మనిషండీ ఆయన. మనం ఆగడం చూశాడు, తనూ ఆగాడు. దానికి పంచాయితీ ఎందుకు?"

"మొదటిసారి ఆయన మనవైపు చూడలేదు షావుకారన్నయ్యా. కళ్ళు మూసుకుని వాయించారు."

"కళ్ళు మూసుకుంటే చెవులు మూసుకుపోతాయా ఏంటి?" షావుకారు లేచి బేస్ గిటారుని గోడకి ఆనించాడు. మెత్తగా, మందలిస్తున్నట్టు అన్నాడు. "చెల్లెమ్మా, నీ బాధ నాకు తెలీదా? వాడు నీకెంతో నాకూ అంతే. అలాగని గిటారు పట్టిన ప్రతి మనిషిలోనూ వాడే కనబడుతున్నాడంటే ఎలా? దొరక్క దొరక్క దొరికాడు, పోలీసు ప్రశ్నలేసి తరిమెయ్యకు. టీ తాగుదాం."

చెల్లెమ్మకి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. తనకి మతి చలిస్తోందేమో అనుకుంది. రేపు వదిన వెళ్ళిపోతుందనే దిగులు ఇలా రూపం కట్టిందేమోననీ అనుకుంది. షావుకారు ఫ్లాస్కు మూత తీసి, డబ్బాలోకి తొంగిచూసి, "చక్కెర నిండుకుంది. కిందికెళ్ళి పట్టుకొస్తా" అని మెట్లు దిగాడు. ఆ బరువైన తలుపు ఆయన వెనక మెత్తగా మూసుకుంది.

మాస్టారు డ్రమ్ము తోలు బిగించే పనిలో పడ్డాడు. ఆ పనిలో పడితే ఆయనకి ఇల్లు తగలబడుతున్నా పట్టదు. అద్దాలాయన వైరు చుడుతూ చుడుతూ, పరుపుల వరసల మధ్య ఉన్న సందులోకి నడిచాడు. ఒకసారి వెనక్కి తిరిగి చెల్లెమ్మని చూశాడు. రమ్మనలేదు, కానీ ఆ చూపు రమ్మన్నట్టే ఉంది.

ఆమె వెళ్ళింది. రెండు వైపులా ప్లాస్టిక్ తొడుగుల్లో పరుపులు. ఒక మనిషి పక్కవాటుగా పట్టేంత సందు. కొత్త దూది వాసన. అక్కడ మెల్లగా మాట్లాడితే మాట పరుపులు దాటి పోదు.

"మీరు అడుగుతారని ఆయన ముందే చెప్పాడు" అన్నాడు అద్దాలాయన.

చెల్లెమ్మ పరుపు అంచు పట్టుకుంది. "ఎవరు?"

"మీ అన్నయ్య."

"ఎప్పుడు చెప్పాడు?" ఆమె అడిగింది అదొక్కటే. ఎక్కడ, ఎలా, ఎందుకు అన్నవన్నీ ఆమెకి తర్వాత సంగతులు. "ఎప్పుడు? వానలకి ముందా, తర్వాతా?"

"చలికాలంలో. మేం ఒక భవనం కడుతున్న చోట కలిశాం. పనివాళ్ళ షెడ్డులో నా పక్క మంచం ఆయనది. సామాను లిఫ్టు నడిపేవాడు. సాయంత్రాలు నాకు గిటారు నేర్పాడు. ఈ పాట అయితే చచ్చేలా నేర్పాడు. అక్కడ ఆగు, అక్కడ ఆగు అని ప్రాణం తీశాడు."

స్కూటరు దొరికింది వానలకి ముందు. చలికాలంలో ఆ మనిషి అక్కడ ఆగు, ఇక్కడ ఆగు అని ఎవరినో విసిగిస్తున్నాడు. చెల్లెమ్మ పరుపుకి జారగిలబడి నేల మీద కూలబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, రెండూ కలిసి ముంచుకొచ్చాయి. బతికే ఉన్నాడు! దుర్మార్గుడు, బతికే ఉన్నాడు! ఇంత ఏడిపించి, హాయిగా గిటారు పాఠాలు చెబుతున్నాడు! దొరకనీ, ఆ చెవి పట్టుకుని ఊరంతా తిప్పకపోతే తన పేరు చెల్లెమ్మే కాదు.

"ఇంటికి ఒక్క ఫోను చెయ్యకూడదూ?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "వదిన సగం చచ్చిపోయింది. పాప రోజూ వీధి గుమ్మంలోనే కూర్చుంటోంది."

"చేస్తే మీ ప్రాణాల మీదికి తెస్తానని భయం." అద్దాలాయన ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. "ఆ సాయంత్రం వంతెన దగ్గర ఆయన వెనకాల నుంచి ఒక బండి గుద్దింది. స్కూటరు అక్కడే పడింది, ఆయన ఏట్లో పడ్డాడు. ఈతొచ్చు కాబట్టి బతికాడు. దిగి వచ్చినవాళ్ళు సాయానికి రాలేదటండీ. ఒడ్డునే నిలబడి, మునిగాడా లేదా అని టార్చి వేసి చూశారట."

చెల్లెమ్మ ఏడుపు ఆగిపోయింది.

"ఆయన ఏదో చూశాడు. తన పనిలో ఎక్కడో ఏదో కంటపడింది. అదేంటో నాకు చెప్పలేదు, తెలిస్తే నీకూ ముప్పే అన్నాడు. కానీ ఒకటి మాత్రం పదేపదే అనేవాడు. ఆ మాట చెబుతానని నేనన్నది ఆ గదిలో ముగ్గురి దగ్గరే. గంట తిరక్కుండా నా వెనక బండి పడింది. ఆ మాట బయటికి మోసింది ఆ ముగ్గురిలో ఒకరే అని."

"ముగ్గురంటే... నేను కూడా?"

"మిమ్మల్ని అనుకోలేదండీ." అద్దాలాయన మొదటిసారి కాస్త నవ్వాడు. "మా చెల్లికి రహస్యం చెబితే ముందు దాని మొహమే చెప్పేస్తుంది అన్నాడు. మిగిలింది ఇద్దరు. ఎవరో తేల్చుకోలేక కుమిలిపోయాడు. ఇద్దరూ ప్రాణ స్నేహితులే కదా. చివరికి నన్ను పంపాడు. వెళ్ళి ఆ పాట వాయించు, అక్కడ ఆగు, ఇంకేం చెయ్యకు, ఎవరేం చేస్తారో చూసి రా అన్నాడు."

"చూస్తే ఏం తెలుస్తుంది?"

"అక్కడ ఆగడం ఈ గదిలో వాళ్ళకి తప్ప ఎవరికీ రాదు. నువ్వు ఆగావంటే నేను బతికున్నానని అర్థం. అది గమనించి అడిగేది మా చెల్లి. గమనించి కప్పేసేవాడే మాట మోసినవాడు అన్నాడు మీ అన్నయ్య."

చెల్లెమ్మ సందులోంచి అవతలికి తొంగిచూసింది. మాస్టారు డ్రమ్ము మీద వేలితో చిన్నగా కొట్టి వింటున్నాడు. టప్. టప్. ఆయన గమనించనే లేదు, గమనించాక ఆయనా అడిగాడు. చెవి ఉన్న మనిషి అన్నది ఎవరు? పంచాయితీ ఎందుకన్నది ఎవరు? వాడు నీకెంతో నాకూ అంతే అని, ఆమె నోరు మూయించి, ఆమెకే సిగ్గు తెప్పించింది ఎవరు?

అన్నయ్య మాయమైన వారంలో వదినకి అన్నం తినిపించింది షావుకారే. పాప జ్వరంతో మూలుగుతుంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిందీ ఆయనే. ఏటి ఒడ్డున రోజంతా నిలబడి, వెతికేవాళ్ళకి మంచినీళ్ళు అందించిందీ ఆయనే. ఆ రోజు ఆయన కళ్ళలో నీళ్ళు చూసి చెల్లెమ్మే ఆయన్ని ఓదార్చింది. ఆ కళ్ళు దేనికోసం నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాయో ఇప్పుడు ఆమెకి అర్థమైంది.

"షావుకారు చక్కెర కోసం చెరుకు తోటకి గానీ వెళ్ళాడా?" అని అవతల నుంచి మాస్టారు అరిచాడు. "టీ చల్లారి చస్తోంది."

చెల్లెమ్మ దిగ్గున లేచింది. నిజమే. చక్కెర దుకాణం వీధి మలుపులోనే. అరగంట కింద వెళ్ళిన మనిషి ఈపాటికి రెండుసార్లు వచ్చి ఉండాలి. పరుపుల సందులోంచి బయటపడి, తలుపు తోసుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తింది. పరుపుల మధ్య అందని ఫోను అక్కడైతే పలుకుతుంది. మెట్ల కింద చీకటి. షాపు దీపాలు ఆర్పేసి ఉన్నాయి. అద్దాలాయన ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు.

వదిన నంబరు మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తు తల్లీ, ఎత్తు. అన్నయ్య బతికున్నాడన్న ఒక్క ముక్క చెవిన వేస్తే చాలు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు, పాపకి ఆ మాట చెప్పక్కర్లేదు. తలుపు గడియ వేసుకుని కూర్చోమనాలి, ఎవరొచ్చినా తియ్యొద్దనాలి.

"ఏమ్మా?" అంది వదిన. గొంతు వెనక ఇంజను చప్పుడు.

"వదినా! ఎక్కడున్నావ్?"

"బయల్దేరిపోయాం. నీకు చెప్పలేదా ఆయన? వాన ముంచుకొస్తోంది, పొద్దుటిదాకా ఉంటే సామాను తడిసిపోతుంది, ఇప్పుడే పదండమ్మా అని షావుకారన్నయ్య తన వ్యాను వేసుకుని వచ్చేశాడు. సర్దిన సంచులతో ఎక్కేశాం, మంచాలూ అవీ రేపు పంపిస్తాడట. కనీసం నీతో చెప్పి వెళ్దామంటే, దానికి నేను చెబుతాలే, ఏడిస్తే చూడలేవు అన్నాడు. ఎంత మంచి మనిషమ్మా! ఎవరున్నారు ఇలా చేసేవాళ్ళు?"

చెల్లెమ్మ ఫోను చెవికి అదిమి పట్టుకుంది. అన్నయ్య బతికున్నాడని ఇప్పుడు చెబితే, ఆ మాట వదిన మొహంలో వెలిగి, పక్కనున్నవాడికి కనబడుతుంది. చెప్పకపోతే వాళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్తారో దేవుడికే తెలియాలి.

"వదినా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఏమీ అనకు. అవును, కాదు అను చాలు. ఇప్పుడు వ్యాను ఏ దారిలో..."

"ఇదిగో, నీతో మాట్లాడతాట్ట" అంది వదిన.

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"చెల్లెమ్మా" అన్నాడు షావుకారు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా, పరుపు మీద చెయ్యి వేసి చూడమని బేరగాడికి చెప్పేటప్పటిలాగే ఉంది. "చక్కెర తెస్తానని ఇలా వచ్చేశాను, ఏమీ అనుకోకు. అద్దాలాయన ఉన్నాడా, వెళ్ళిపోయాడా?"

ఆమె వెనక్కి తిరిగి అద్దాలాయన వైపు చూసింది.

"ఉండే ఉంటాడులే. ఆయన్ని ఒక్క సాయం అడుగు. ఎవరు పాట నేర్పారో ఆయనకి ఒక్క ఫోను చేసి, నాకు ఫోను చెయ్యమని చెప్పమను. ఈ నంబరుకే. తొందరేం లేదు, దారి చాలా ఉంది. పాపకి కూడా చెప్పాను. అమ్మ ఊరికే భయపడుతోంది గానీ, నాన్న బాగానే ఉన్నాడు, ఇవాళ మాట్లాడతాడు అని."

ఇంజను హోరులో, వదిన ఒక్కసారిగా ఏదో అడుగుతోంది. ఆ మాటలు అర్థం కాలేదు. వాటి మీదుగా పాప గొంతు మాత్రం స్పష్టంగా, సంతోషంగా వినిపించింది.

"నిజంగానా మామయ్యా? నాన్న వస్తాడా మన దగ్గరికి?"

"వస్తాడమ్మా" అన్నాడు షావుకారు. "అత్తయ్య పిలిస్తే వస్తాడు."